ప్రాజెక్టు ముగిశాక ఏం మాట్లాడుకోవాలి?

(ప్రాజెక్టు బృందాలను నడిపేవారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. సభ నుంచి వచ్చిన రెండు ప్రశ్నలు, వాటి జవాబులు చివర్లో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

గడిచిన ఏడాదిలో కనీసం ఒక్క రివ్యూ మీటింగ్‌లోనైనా కూర్చున్నవాళ్ళు చేతులెత్తండి. దాదాపు అందరూ ఉన్నారు. సరే, చేతులు అలాగే ఉంచండి. ఆ మీటింగ్‌లో అనుకున్న మాటల్లో ఒక్కటైనా ఆ తర్వాత మీ పని తీరును నిజంగా మార్చి ఉంటే, అదేమిటో ఇప్పటికిప్పుడు చెప్పగలిగినవాళ్ళు మాత్రమే ఎత్తి ఉంచండి. (నవ్వులు) పర్వాలేదు, దించేయండి.

ఆ మీటింగులు ఎలా నడుస్తాయో మనకు తెలియనిది కాదు. ప్రాజెక్టు ఎలాగో ఒడ్డున పడుతుంది. మేనేజర్ అందరి క్యాలెండర్లలో ఒక గంట పట్టేస్తారు. తెర మీద రెండు గడుల స్లైడ్ వస్తుంది: బాగా జరిగినవి, బాగా జరగనివి. కాసేపు ఎవరూ నోరు మెదపరు. మొహమాటం భరించలేక ఎవరో ఒకరు 'టీమ్ స్పిరిట్ చాలా బాగుందండీ' అంటారు. ఇంకొకరు ధైర్యం చేసి 'కమ్యూనికేషన్ ఇంకాస్త మెరుగుపడాలి' అంటారు. అందరూ తలలూపుతారు. పాము చావదు, కర్ర విరగదు. సాయంత్రానికి మినిట్స్ మెయిల్ వస్తుంది. దాన్ని ఎవరూ తెరవరు.

మీ మినిట్స్‌లో 'కమ్యూనికేషన్ మెరుగుపడాలి' అని కనిపిస్తే ఆ మీటింగ్ జరగనట్టే లెక్క. ఎవరి మాట ఎవరికి చేరలేదు? ఏ రోజు? చేరి ఉంటే ఎవరు ఏం వేరుగా చేసేవారు? ఈ మూడూ తేలకపోతే ఆ వాక్యాన్ని ఏ ప్రాజెక్టుకైనా అతికించవచ్చు. అన్నిటికీ అతికేది మీ ప్రాజెక్టు గురించి కొత్తగా ఏం చెబుతుంది?

ఇంకో రకం మీటింగ్ ఉంది, దాంట్లో మాటలకు కొదవుండదు. మొదటి నిమిషం నుంచే 'ఎవరు' అన్న వేట. టెస్టింగ్ వాళ్ళు డెవలపర్లను అంటారు, డెవలపర్లు డిజైన్‌ను అంటారు, చివరికి అందరూ ఒక్కటై ఆ గదిలో లేని వెండర్ మీద పడతారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. గొంతులు పెరిగాక మేనేజర్ కల్పించుకుని 'సరే, ఇందులో అందరి బాధ్యతా ఉంది' అని ముగిస్తారు. తిలాపాపం తలా పిడికెడు. మర్నాటి నుంచి ఎవరి మెయిల్‌కి వాళ్ళు పై అధికారిని కాపీ పెట్టుకోవడం మొదలవుతుంది. ముందుజాగ్రత్త!

ఒకదాంట్లో మౌనం, ఒకదాంట్లో గొడవ. పైకి పొంతన లేదు కానీ రెండింటి జబ్బూ ఒకటే. ఏం జరిగిందో అందరికీ తెలుసన్న నమ్మకంతో నేరుగా తీర్పులోకి దూకేస్తారు. తెలియదండీ. ఏం జరిగిందో ఎవరికి వాళ్ళకు తమ ముక్క మాత్రమే తెలుసు. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే: బాగుందా బాగాలేదా అన్న మాట ఎత్తకముందు, జరిగింది జరిగినట్టు, జరిగిన వరుసలో, అప్పుడు ఎవరికి ఎలా కనిపించిందో అలా అందరూ కలిసి మళ్ళీ పేర్చుకోవాలి. విసుగు పుట్టించే పని. అందుకే దీన్నే అందరూ దాటేస్తారు.

దాటేస్తే ఏమవుతుందో చెప్తాను. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనాకు, తర్వాత సోవియట్ యూనియన్‌కు వెళ్ళారు. ఆ పర్యటనలకు ముందు బరూక్ ఫిష్‌హాఫ్, రూత్ బేత్ అనే పరిశోధకులు కొందరు విద్యార్థులను కూర్చోబెట్టి, నిక్సన్ మావోను కలుస్తారా, ఫలానాది జరుగుతుందా, ఒక్కోదానికి ఎంత అవకాశం ఉందో అంకెల్లో వెయ్యమన్నారు. పర్యటనలు ముగిశాక వాళ్ళనే పిలిచి, అప్పుడు మీరు ఏ అంకె వేశారో గుర్తు తెచ్చుకుని రాయమన్నారు. జరిగినవాటికి తాము అప్పట్లోనే ఎక్కువ అంకె వేశామని చాలామందికి గుర్తొచ్చింది. 1975లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ పిల్లలు అబద్ధం ఆడలేదు. ఫలితం తెలిశాక జ్ఞాపకమే సర్దుకుంటుంది.

మీ టీమ్‌లో 'నేను అప్పుడే అనుకున్నా' అనే పెద్దమనిషి ఉన్నారే, ఆయనా అబద్ధం ఆడటం లేదు. (నవ్వులు) ఆయనకు నిజంగానే అలా గుర్తుంది. కానీ ఆయన మాట మీద పాఠం రాసుకుంటే ఆ పాఠం వచ్చే ప్రాజెక్టులో పనికిరాదు. వచ్చే ప్రాజెక్టులో ఫలితం ఎవరూ ముందుగా చెప్పరు కదా.

మరి ఎలా పేర్చుకోవాలి? ఒక టీమ్‌లో జరిగింది చెప్తాను, పేర్లు వద్దు. పాత వ్యవస్థలో ఉన్న ఖాతాదారుల రికార్డులన్నీ కొత్త వ్యవస్థలోకి ఎక్కించే పని వాళ్ళది. ఎక్కించాల్సిన రాత్రి ఫైలు మధ్యలో ఆగిపోయింది. రికార్డులన్నీ శుభ్రం చేసి మళ్ళీ ఎక్కించేసరికి గడువు దాటిపోయింది. రివ్యూకి వచ్చేటప్పటికే అందరి నాలుక మీదా ఒకటే మాట సిద్ధంగా ఉంది: టెస్టింగ్ సరిగ్గా జరగలేదు. పాపం, ఆ టెస్టింగ్ అమ్మాయి కూడా తలొంచుకునే కూర్చుంది.

గోడకు ఈ చివర నుంచి ఆ చివరకు పొడుగాటి కాగితం అంటించి, దాని మీద ఒక గీత గీసి వారాలు గుర్తు పెట్టాం. తలా ఒక స్టిక్కీ నోట్స్ కట్ట ఇచ్చాం. నియమం ఒకటే: మీరు చూసింది, చేసింది, విన్నది మాత్రమే రాయండి, తేదీ వెయ్యండి. అభిప్రాయం రాయకండి. తేదీ గుర్తు లేకపోతే మెయిళ్ళు, చాట్లు తెరిచి చూసుకోండి. ఇక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడకూడదు. మాట్లాడితే జ్ఞాపకాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. రాయడం అయ్యాక ఒక్కొక్కరే లేచి వెళ్ళి ఎవరి కాగితాలు వాళ్ళు అంటించారు.

ఆరో వారం దగ్గర మూడు కాగితాలు పక్కపక్కన పడ్డాయి. మొదటిది టెస్టింగ్ అమ్మాయిది: 'మంగళవారం. ఫైలు వచ్చింది. పరీక్షించాను. అన్నీ పాస్.' రెండోది ఒక జూనియర్ డెవలపర్‌ది: 'బుధవారం. పూర్తి ఫైలులో కొన్ని పుట్టిన తేదీల్లో రోజు, నెల తారుమారుగా ఉన్నాయి. లీడ్‌కి మెసేజ్ పెట్టాను.' మూడోది లీడ్‌ది: 'బుధ, గురు. క్లయింట్ డెమో. మెసేజ్‌లు చూడలేదు.'

ఆ అమ్మాయి లేచి గోడ దగ్గరకు వెళ్ళి రెండో కాగితాన్ని రెండుసార్లు చదివింది. 'పూర్తి ఫైలా? నాకిచ్చింది శాంపిలా మరి?' అంది. ఎవరూ బదులు చెప్పలేదు. ఆమెకు ఇచ్చింది శాంపిలే. అది శాంపిల్ అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళు ఆమెకు తెలుసనే అనుకున్నారు. ఆ శాంపిల్‌లో అన్నీ నెల మొదట్లో పుట్టినవాళ్ళ రికార్డులే. తేదీలో రోజు 12 లోపు ఉంటే, రోజూ నెలా అటూ ఇటూ అయినా అది చెల్లే తేదీలాగే కనిపిస్తుంది, యంత్రం కిమ్మనదు. 12 దాటితేనే మొరాయిస్తుంది. అంటే ఆమె చేతికి వచ్చినదాన్ని ఆమె పరీక్షించాల్సినట్టే పరీక్షించింది.

చూడండి, గోడ మీద కాగితం లేకపోతే ఆ మీటింగ్ 'టెస్టింగ్ ఇంకా జాగ్రత్తగా చెయ్యాలి' అని ముగిసేది. ఆమె ఇంకా జాగ్రత్తగా అదే శాంపిల్‌ను పరీక్షించేది. ఆ మూడు ముక్కలూ ముగ్గురి దగ్గర నెలల తరబడి విడివిడిగా పడి ఉన్నాయి. ఎవరూ దాచలేదు. ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదంతే.

ఈ కాగితం పని కాలక్షేపం అనుకునేవాళ్ళు ఉంటారు, నాకు తెలుసు. రెండు గంటల మీటింగ్ అయితే సగానికి పైగా దీనికే ఇవ్వమని నా సలహా. కింద ఇంకో గీత కూడా గీయించవచ్చు, ఎవరి ఉత్సాహం ఏ వారంలో ఎలా ఉందో. అది పెద్ద శాస్త్రమేమీ కాదు కానీ, ఒకే వారంలో నలుగురి గీతలు కిందికి దిగితే అక్కడ ఏదో ఉందని తెలుస్తుంది.

ఇక ప్రశ్నలు అడిగే తీరు. 'ఎందుకు చెప్పలేదు?' అన్నది వినేవాళ్ళ చెవికి నిలదీసినట్టే ఉంటుంది. నిలదీస్తే సంజాయిషీ వస్తుంది, సమాచారం రాదు. అదే విషయాన్ని 'ఆ రోజు నీ ముందు ఇంకా ఏమేం పనులున్నాయి?', 'అప్పుడు ఏది ముంచుకొస్తున్నట్టు అనిపించింది?', 'ఎవరికి తెలుసనుకున్నావు?' అని అడిగి చూడండి. మనిషి భుజాలు దిగుతాయి, మాటలు వస్తాయి. నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇంకొకటుంది, అది టీమ్ అంతటికీ: 'ఇదే అనుభవం ఉన్న ఇంకో మనిషి అదే రోజు ఆ కుర్చీలో ఉంటే, వేరుగా చేసేవారా?' అదే చేసేవారని మీకే అనిపిస్తే, ఆ మనిషికి క్లాసు పీకి లాభం లేదు. కుర్చీ చుట్టూ ఉన్నది మార్చాలి.

టొయోటా నుంచి వచ్చిన 'ఐదుసార్లు ఎందుకు' అన్న పద్ధతి మీలో చాలామందికి తెలుసు. యంత్రం ఆగినప్పుడు అది మంచి పనిముట్టే. మనుషుల ప్రాజెక్టుల్లో దాన్ని ఆచితూచి వాడమంటాను. ఒక్కో జవాబు నుంచి ఒక్కో ప్రశ్నగా ఒకే దారిలో దిగుతూ పోతే అడుగున ఒకే కారణం దొరుకుతుంది. అది చాలాసార్లు ప్రశ్నలు అడుగుతున్నవాళ్ళ మనసులో మొదటి నుంచీ ఉన్న కారణమే అయి ఉంటుంది!

చంద్రయాన్-2 సంగతి తీసుకోండి. 2019 సెప్టెంబరులో విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగబోతూ కూలిపోయింది. తర్వాత 2023లో అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ దాని గురించి వివరించినప్పుడు ఒక్క కారణం చెప్పలేదు. ఇంజన్లు అనుకున్నదానికంటే ఎక్కువ తోపు ఇచ్చాయి, దాంతో తేడాలు పోగుపడ్డాయి. వాటిని సరిచేసుకోవడానికి నౌక వేగంగా తిరగాలి, కానీ అంత వేగంగా తిరగడానికి దాని సాఫ్ట్‌వేర్‌లో పరిమితి ఉంది. దిగాల్సిన చోటు చూస్తే 500 మీటర్ల చదరం, చాలా ఇరుకు. ఈ మూడింట్లో ఏ ఒక్కదాన్నో పట్టుకుని 'మూలకారణం ఇదీ' అని చేతులు దులుపుకుని ఉంటే తర్వాతి నౌకలో ఒక్కటే మారేది. వాళ్ళు చాలా మార్చారు. దిగే చోటును కిలోమీటర్ల మేరకు పెంచారు, ఇంధనం పెంచారు, కాళ్ళను గట్టి చేశారు. ఏమేం చెడిపోవచ్చో ముందే రాసుకుని, చెడినా దిగేలా తయారుచేశామన్నారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది.

ఆ కథలో ఎవరూ అంతగా చెప్పుకోని ముక్క ఒకటుంది. ల్యాండర్ పోయింది కానీ చంద్రుడి చుట్టూ తిరిగే చంద్రయాన్-2 ఆర్బిటర్ చక్కగా పనిచేస్తూనే ఉంది. ఓటమి బాధలో దాన్ని కూడా అదే గంపలో పడెయ్యలేదు. చంద్రయాన్-3కి మళ్ళీ అలాంటి పూర్తి స్థాయి ఆర్బిటర్‌ను పంపలేదు. పాతదాన్నే కొత్త ల్యాండర్‌తో మాట్లాడటానికి వాడుకున్నారు. విజయాల గురించి మాట్లాడుకోవాలి అంటే నా ఉద్దేశం ఇదండీ. చప్పట్లు కొట్టుకోవడం కోసం కాదు. చెడిపోయిన ప్రాజెక్టులో కూడా పనిచేసినది ఏదో కచ్చితంగా తెలిస్తే, దాన్ని మళ్ళీ కట్టుకునే శ్రమ తప్పుతుంది.

విజయాల విషయంలో మనం మరీ బద్ధకస్తులం. గడువుకి అయిపోయిందా, కేక్ కట్ చేశామా, ఫొటో దిగామా, అంతే. ఓడిపోయిన ప్రాజెక్టును వేసే ప్రశ్నల్లో సగమైనా గెలిచినదాన్ని వెయ్యం. ఇది ఎంత ప్రమాదమో తెలియాలంటే ఛాలెంజర్ చూడాలి. 1986 జనవరి 28న ఆ అమెరికా స్పేస్ షటిల్, అంటే మనుషులను అంతరిక్షంలోకి తీసుకెళ్ళి తిరిగొచ్చే నౌక, పైకి లేచిన 73 సెకన్లకు ముక్కలైపోయింది, ఏడుగురు చనిపోయారు. బూస్టర్ రాకెట్ అతుకుల్లో ఉండే రబ్బరు వలయాలు చలికి బిరుసెక్కి వేడి వాయువును ఆపలేకపోయాయి. ఇది అందరికీ తెలిసిన కథ. తెలుసుకోవాల్సింది అంతకు ముందుది. ఆ వలయాలను వేడి తినేసి ఉండటం అంతకు ముందు ప్రయాణాల్లోనే కనిపించింది. రాకూడని చోటికి వేడి వస్తోందని కాగితాల మీద ఉంది. కానీ ఆ షటిళ్ళు క్షేమంగా తిరిగొచ్చాయి. ప్రతిసారీ తిరిగొచ్చేసరికి, ఉండకూడనిది కాస్తా 'ఆ మాత్రం ఉంటుందిలే' అయిపోయింది. ప్రయోగం ముందు రోజు రాత్రి కొందరు ఇంజనీర్లు చలి గురించి గట్టిగానే హెచ్చరించారు. ఇన్నిసార్లు వెళ్ళొచ్చిన లెక్క వాళ్ళకు ఎదురు నిలిచింది.

కాబట్టి బాగా జరిగిన ప్రాజెక్టుకి కూడా గోడ మీద కాగితం పెట్టండి. ఏది మన పని వల్ల బాగుంది, ఏది కలిసొచ్చింది? వెంట్రుకవాసిలో తప్పించుకున్నది ఎక్కడ? ఒకవేళ ఆ వెండర్ వారం ఆలస్యం చేసి ఉంటే?

ముఖ్యంగా ఒకటి గమనించండి. ప్రతి ప్రాజెక్టులో ఒక వీరుడు లేదా వీరనారి ఉంటారు. చివరి వారం నిద్ర మానుకుని ఒంటిచేత్తో గట్టెక్కించినవాళ్ళు. వాళ్ళకు అందరి ముందూ దణ్ణం పెట్టండి, తప్పులేదు. పెట్టాక, ఆ పని ఒక్క మనిషికే తెలియడం ఎలా జరిగింది అని అడగండి. ఆ మనిషికి ఆ వారం జ్వరం వచ్చి ఉంటే మనం దీన్నే వైఫల్యం అని పిలిచేవాళ్ళం. రాత్రిళ్ళ జాగారం 'బాగా జరిగినవి' గడిలో చేరిపోతే, వచ్చే ప్రాజెక్టు ప్రణాళికలో అది ఎక్కడా రాయకుండానే భాగమైపోతుంది.

ఇప్పుడు కష్టమైన భాగానికి వద్దాం. ఇవన్నీ చెప్పినా, నోరు విప్పాలి కదా మనుషులు.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి వార్డుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను గమనించారు. బాగా కలిసి పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఎవరైనా అనుకుంటారు, ఆమె కూడా అలాగే అనుకున్నారు. లెక్కలు తిరగబడ్డాయి. మంచి బృందాలు అనిపించుకున్నచోటే పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. తరచి చూస్తే తేలిందేమిటంటే, అక్కడ భయం లేదు కాబట్టి బయటికి చెప్పుకుంటున్నారు. వేరేచోట్ల నర్సులు చెప్పడం లేదు, అంతే తేడా. 1996లో ఆమె దీన్ని ప్రచురించారు. మీ టీమ్ రివ్యూలో సమస్యలేవీ రాలేదని మురిసిపోయే ముందు ఇది ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

భయం పోగొట్టడానికి 'ధైర్యంగా మాట్లాడండి' అని ప్రకటిస్తే సరిపోదు. ఆ ప్రకటన చేసే మనిషే అప్రైజల్, అంటే మన పనితీరు మీద అంచనా, కూడా రాస్తారని గదిలో అందరికీ తెలుసు. విమానయాన రంగానికి ఈ సంగతి తెలిసొచ్చిన తీరు చెప్పి తీరాలి. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ దగ్గర దిగబోతున్న టీడబ్ల్యూఏ కంపెనీ 514 విమానం ఒక కొండను ఢీకొని 92 మంది చనిపోయారు. కింద నుంచి దారి చెప్పే కంట్రోలర్ ఇచ్చిన అనుమతిని పైలట్లు ఒకలా, కంట్రోలర్లు ఇంకోలా అర్థం చేసుకోవడంతో విమానం ముందే కిందికి దిగిపోయింది. దర్యాప్తులో తేలిందేమిటంటే, సుమారు ఆరు వారాల ముందు ఇంకో కంపెనీ విమానం అదే చోట, అదే అపార్థంతో కొద్దిలో తప్పించుకుంది. ఆ కంపెనీ తమ పైలట్లను హెచ్చరించుకుంది. మిగతావాళ్ళకు చెప్పే దారి అప్పటికి లేదు.

దాంతో పైలట్లు ఇలాంటివి స్వయంగా చెప్పుకునే ఏర్పాటు మొదలుపెట్టారు. ముందు దాన్ని విమానయాన నియంత్రణ సంస్థే నడపబోయింది. లైసెన్సు పీకేసే అధికారం ఉన్న ఆఫీసుకి వెళ్ళి 'నేను పొరపాటు చేశాను' అని ఎవరు చెబుతారండీ? అందుకని 1976లో ఆ పనిని నాసాకు అప్పగించారు. నాసాకు పైలట్లను శిక్షించే అధికారం లేదు. వచ్చిన నివేదికల్లో పేర్లు తీసేస్తారు. సంఘటన జరిగిన 10 రోజుల్లోపు చెబితే, కావాలని చేసింది కానప్పుడు, జరిమానా నుంచి రక్షణ కూడా ఉంటుంది. అది ఇప్పటికీ నడుస్తోంది.

దీన్ని మన గదిలోకి తెచ్చుకుంటే, అప్రైజల్ రాసే మనిషి చేతిలో రివ్యూ మీటింగ్ మార్కర్ ఉండకూడదు. పక్క టీమ్ లీడ్‌ను పిలిపించుకోండి, మీరు వాళ్ళకు చేసిపెట్టండి, చేబదులు. (నవ్వులు) మీరు గదిలో ఉండాలనుకుంటే ఉండండి, కానీ ఆఖర్న మాట్లాడండి. లీడ్ మొదట నోరు తెరిస్తే మిగతావాళ్ళు ఆ మాటకు తాళం వేస్తారు. అమెరికా సైన్యం శిక్షణ యుద్ధాల తర్వాత చేసే సమీక్షలో ప్రశ్నలు నాలుగే: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకు, ఈసారి ఏం చేద్దాం. అందులో సిపాయి కూడా అధికారి ప్రణాళికలో లోపం ఎత్తిచూపవచ్చు. హోదాకు అంత విలువిచ్చే చోటే అది సాగుతోంది. మీ ఆఫీసులో సాగదనడానికి నాకైతే కారణం కనిపించదు.

చివరగా, చేయాల్సిన పనుల జాబితా. చిన్నదిగా ఉంచండి. మూడుకు మించితే అవి కోరికలు. ప్రతిదానికీ ఒక మనిషి పేరు, ఒక తేదీ. 'టీమ్' అన్నది మనిషి పేరు కాదు. ఇందాకటి ఉదాహరణలో వాళ్ళు రాసుకున్నవి రెండే: ఫైలు ఇచ్చేవాళ్ళు దాని పేరులోనే శాంపిల్ అనో పూర్తిది అనో రాయాలి, లీడ్ డెమోలో ఉన్న రోజు మెసేజ్‌లు చూసే మనిషి పేరు పొద్దున్నే గ్రూపులో పెట్టాలి. చూడటానికి చిల్లరగా ఉంటాయి. చిల్లరగా ఉన్నాయి కాబట్టే సోమవారం నుంచి మొదలయ్యాయి.

మీటింగ్ ఎప్పుడు పెట్టాలి అంటే, ప్రాజెక్టు ముగిసిన వారంలో. మరీ మర్నాడే వద్దు, అందరూ అలిసిపోయి ఉంటారు. నెల దాటితే జ్ఞాపకాలు చెప్పాను కదా, సర్దుకుంటాయి. పెద్ద ప్రాజెక్టయితే మధ్యలోనే ఒకటి రెండుసార్లు పెట్టండి, లేకపోతే అంతా గతజల సేతుబంధనమే అవుతుంది.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: మీరు చెప్పేదంతా ఎవరినీ అనకూడదు అన్నట్టుంది. నిజంగానే ఒకరి నిర్లక్ష్యం వల్ల ప్రాజెక్టు చెడితే? చెప్పినా వినని మనిషి ఉంటే?

ఉంటారు, ఉండరని నేననలేదు. ఇందాకటి పైలట్ల ఏర్పాటులో కూడా కావాలని చేసినవాటికి, నేరాలకు రక్షణ లేదు. మీకు అలాంటి మనిషి ఉంటే ఆ సంగతి రివ్యూ మీటింగ్‌కి ముందే, తలుపు వేసుకుని, ఆ మనిషితోనే మాట్లాడండి. అది మేనేజర్‌గా మీ పని. దాన్ని రివ్యూలో నలుగురి చేత అనిపిద్దాం అనుకోవడం మాత్రం పిరికితనం, కాస్త కటువుగా అంటున్నాను, క్షమించండి. ఒక్కసారి అలా జరిగితే మిగిలినవాళ్ళందరూ ఆ గదిలో ఏం మాట్లాడకూడదో నేర్చేసుకుంటారు. ఇంకో సంగతి. నిర్లక్ష్యం అని మీకు అనిపించినవాటిని కూడా ముందు ఆ కాగితం మీద తేదీలతో చూడండి. మీ దగ్గర లేని ముక్క ఏదైనా ఆ మనిషి దగ్గర ఉండొచ్చు. అన్నీ చూశాక కూడా నిర్లక్ష్యమే అనిపిస్తే, అప్పుడు మీ మాటకు ఆధారం కూడా ఉంటుంది.

ప్రశ్న: మేము ప్రతి రెండు వారాలకూ రెట్రో, అంటే గడిచిన పని మీద చిన్న రివ్యూ మీటింగ్, పెడతాం. మొదట్లో బాగుండేది, ఇప్పుడు అందరికీ విసుగొచ్చేసింది. ఆటలు పెట్టాం, బొమ్మలు గీయించాం, కొన్నాళ్ళే నడిచింది. ఏం చెయ్యాలి?

ఆటలు మార్చడం వల్ల విసుగు పోదండి. మీ గత నాలుగు రెట్రోల్లో రాసుకున్న పనులు ఎన్ని అయ్యాయో చెప్పగలరా? ... తెలియదంటున్నారు. అక్కడుంది. చెప్పినది జరగదని తెలిశాక ఎవరు మాత్రం ఎన్నిసార్లు చెబుతారు? ఇవాళ వెళ్ళగానే ఆ పాత జాబితాలన్నీ ఒకచోట పెట్టండి. ఇక అవసరం లేనివి అందరి ముందూ కొట్టేయండి. కొన్ని మీ చేతిలో లేనివి ఉంటాయి, పైవాళ్ళు తేల్చాల్సినవి. వాటిని పైవాళ్ళకు పంపి, వచ్చిన జవాబు, కాదన్నదైనా సరే, టీమ్‌కి చదివి వినిపించండి. మిగిలినవాటిలో మూడు తీసుకోండి. వచ్చే రెట్రోకి పెట్టుకున్న గంటలో రెట్రో పెట్టకుండా, అందరూ కూర్చుని ఆ మూడింట్లో మొదటిది పూర్తి చెయ్యండి. ఆ తర్వాతి గంటలో రెండోది. మూడూ అయ్యాకే మళ్ళీ కొత్త కాగితం అంటించండి.